శోభనాచలం గారి గొంతుపట్టీ

“గుమ్మడి పువ్వమ్మ గుమ్మాన నిలిచే,
లోనికి రాదాయె, వీధికి పోదాయె…”

ఆ తరవాతి చరణం నాంచారమ్మకి గుర్తు రాలేదు. చిన్నప్పుడు దివిసీమలో కలుపు తీసే అమ్మలక్కల వెనక గట్ల మీద నడుస్తూ నేర్చుకున్న పాట అది. తరవాత ఎవరో వచ్చి ఆ పువ్వుని ఏదో అడుగుతారు. ఎవరు వస్తారో, ఏమడుగుతారో, పువ్వు ఏమంటుందో అంతా పోయింది, రాగం ఒక్కటి మిగిలింది. “తన్నన్న తానన్న” అని రాగంతోనే గట్టెక్కించి, ఎదురు కుర్చీలో ఉన్న మొగుడి వంక చూసింది.

శోభనాచలం తల దించుకుని కూర్చున్నాడు. మెడ చుట్టూ నల్లటి పట్టీ ఉంది. ఆ పట్టీ నుంచి వెంట్రుకల్లాంటి తీగలు బల్ల మీది పెట్టెలోకి పోతున్నాయి. పెట్టెకున్న తెర మీద ఒక పచ్చగీత కదలకుండా పడుకుని ఉంది.

“ఇప్పుడు మీరు పాడండి మాస్టారూ,” అంది డాక్టర్ ఫరీదా. “పైకి వద్దు. మనసులో.”

ఆయన పెదవులు కదల్లేదు. గొంతులో ముడి మాత్రం కాస్త పైకి లేచి దిగింది. పచ్చగీత ఉలిక్కిపడింది. పెట్టెలోని స్పీకర్ గరగరలాడి, ఎవరిదో తెలియని గొంతుతో “గుమ్మ… డి… గుమ్మ…” అంది.

నాంచారమ్మ లెంపలేసుకుంది. “పెళ్ళయి ఇన్నేళ్ళకి ఈయన నోట పాట విన్నానమ్మా,” అంది. అని, అది ఆయన నోరు కాదు కదా అని తనే నవ్వుకుంది.

ఫరీదా కూడా నవ్వింది. “లోనికి రాదు, వీధికి పోదు. నేను ఏళ్ళ తరబడి చదివిందంతా మీ పాటలో ఒక్క ముక్కలో ఉంది. బిడియమంటే అంతే.”

ఇది జరిగేనాటికి బందరు మనమెరిగిన బందరు కాదు. సముద్రం పౌర్ణమికీ అమావాస్యకీ చుట్టపుచూపుగా వీధుల్లోకి వచ్చిపోవడం మొదలుపెట్టాక, ఊరు ఊరంతా ఒక అంతస్తు పైకెక్కింది. కింద స్తంభాలు, పైన ఇళ్ళు, దుకాణాలు, వాటి మధ్య చెక్క వంతెనలు. పోటు రోజున కూరగాయలు పడవ మీద వస్తే, తాడు కట్టిన బుట్ట కిందికి దించి బేరమాడేవాళ్ళు. అలాంటి ఒక వంతెన చివర శోభనాచలం టైలరింగ్ దుకాణం, దాని వెనకే ఇల్లు.

ఆడవాళ్ళ జాకెట్లు కుట్టడంలో ఆయన్ని మించిన చెయ్యి బందర్లో లేదు. కానీ ఒక్క ఆడమనిషికీ టేపు పెట్టి ఎరగడు. ఆది రవిక తెచ్చుకోవాల్సిందే. సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఇస్తే, దాన్ని బల్ల మీద పరిచి, దాని ప్రకారమే గుడ్డ కత్తిరించేవాడు. మనిషిని చూడకుండా కుట్టేస్తాడని జనం మెచ్చుకునేవాళ్ళు. చూడలేక కుడుతున్నాడని నాంచారమ్మ ఒక్కదానికే తెలుసు. పైగా ఆయన నోట్లో ఎప్పుడూ రెండు గుండుసూదులు ఉండేవి. సూదులున్న నోటిని ఎవరూ పలకరించరని ఆయన ఎప్పుడో కనిపెట్టాడు.

అందుకని దుకాణానికి నోరు నాంచారమ్మే. “శుక్రవారం ఇస్తారట.” “ఈ గుడ్డకి లైనింగ్ వేయిస్తే బాగుంటుందంటున్నారు.” ఆయన ఏమీ అని ఉండడు. ఒక్కోసారి తలైనా ఊపి ఉండడు.

“మీ ఆయన అన్నీ నీ చెవిలో చెబుతాడా ఏంటి పిన్నీ?” అని ఏ కుర్రపిల్లో ఎకసెక్కమాడితే, “చెవిలో ఎందుకే, గాల్లో వదులుతారు, నేను పట్టుకుంటా,” అనేది.

అలా పట్టుకుంటూ పట్టుకుంటూ ముసలిదైపోయింది. పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరే, మాటలన్నీ ఒకరివే.

ఆ ఏడు ఎండాకాలంలో శోభనాచలం కుట్టుమిషను దగ్గరే ఒరిగిపోయాడు. గుండె బాగా అలిసిపోయిందని, ఈ వానాకాలం దాటితే గొప్పేనని డాక్టర్లు చెప్పారు. ఇంటికొచ్చాక నాంచారమ్మకి ఒకటే దిగులు పట్టుకుంది. పోవడం అందరికీ ఉన్నదే. కానీ ఈ మనిషి లోపల ఏముందో తెలియకుండానే పోతాడే అని.

ముఖ్యంగా ఒక మాట తెలియాలి. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు వాకిట్లో నలుగురి ముందు అంది, “మావాడి పాలిట వడగళ్ళవానవి కదే నువ్వు,” అని. అందరూ నవ్వారు, నాంచారమ్మా నవ్వింది. ఆయన ఒక్కడూ నవ్వలేదు, కాదనీ అనలేదు. ఆ మాట ఆమె కాల్లో ముల్లులా ఉండిపోయింది. ఇన్నేళ్ళూ తన వాగుడు ఆయన మోశాడా, భరించాడా, విన్నాడా? అది ఒక్కటీ ఆయన నోటితో చెబితే చాలు. చెప్పడు. అందుకే గొంతుపట్టీ సంగతి వినగానే ఆయన్ని చెయ్యి పట్టుకుని ప్రయోగశాలకి తీసుకొచ్చింది. దానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరేదో ఉంది, ఊళ్ళోవాళ్ళు గొంతుపట్టీ అనేశారు.

“మాట అనుకోగానే మెదడు గొంతు కండరాలకి సిగ్నల్ పంపుతుందమ్మా,” అని ఫరీదా మొదటిరోజే విడమరిచి చెప్పింది. “పైకి అనకపోయినా పంపుతుంది. మోటారు వేశాక నీళ్ళు రాకముందే పైపు అదరదూ, అలాగ. ఆ అదురుని ఈ సెన్సర్లు పట్టుకుంటాయి, పెట్టె దాన్ని మాటగా మార్చి స్పీకర్లో పలుకుతుంది.”

“అయితే సిగ్గుకి ఇది మందా?”

“మందు జబ్బుకి కదా. ఇది స్వభావం. పొడుగూ పొట్టీ ఉన్నట్టే. మన మెదడులో బాదంగింజంత కాపలాదారు ఒకడున్నాడు. కొత్త మొహం కనబడితే గంట కొడతాడు. మీకు ఒకసారి కొట్టి ఊరుకుంటాడు. మాస్టారికి ఆ మనిషి వెళ్ళేదాకా కొడుతూనే ఉంటాడు. అంత మోతలో మాటెలా బయటికొస్తుంది?”

“జనమంటే పడదన్నమాట.”

“అదే అందరూ పొరబడేది. జనం పడనివాళ్ళు వేరు, వాళ్ళు ఒంటరిగా హాయిగా ఉంటారు. బిడియస్తుడికి జనం కావాలి. గుమ్మం దాకా వస్తాడు, అక్కడ కాళ్ళు ఆడవు.”

నాంచారమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. “మరి నేను కొత్తదాన్ని కాదుగా. నా దగ్గర గంట ఎందుకు మోగాలి?”

ఫరీదా శోభనాచలం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. “కొంతమందికి బాగా కావలసినవాళ్ళ దగ్గరే ఎక్కువ మోగుతుందమ్మా. ఏమనుకుంటారోనన్న బెంగ అక్కడే కదా ఎక్కువ.”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేల మీద గళ్ళు చూస్తూ ఉండిపోయాడు.

చిక్కు ట్రైనింగ్ దగ్గర వచ్చింది. ఒక్కో మనిషి గొంతు ఒక్కో రకం. మనిషి ఒక మాట పైకి అనాలి, అదే మాట లోపల అనుకోవాలి, రెండూ పక్కపక్కన పెట్టుకుని పెట్టె నేర్చుకోవాలి. మాటకారులకి వారం చాలు. శోభనాచలం దగ్గర పైకి అన్న మాటలే దొరకలేదు. రోజంతా కూర్చోబెడితే “ఊ” ఒకటి, “చాలు” ఒకటి.

“ఇంట్లోవాళ్ళ సాయం తీసుకుందాం,” అంది ఫరీదా. “ఆయన ఎలాంటి మాటలు వాడతారో మీరు చెప్పండి. సిగ్నల్ సరిగ్గా తెలియనిచోట సాఫ్ట్‌వేర్ వాటిలోంచి దగ్గరదాన్ని ఎంచుకుంటుంది. మాకు శాంపిల్ కావాలి.”

“ఆది కావాలంటావు,” అంది నాంచారమ్మ. అది ఆమె ఎరిగిన పనే.

ఇక చూడండి ఆమె ఉత్సాహం. “కూరలో కారం ఎక్కువైతే ఏమంటారు?” అని ఫరీదా అడగ్గానే, “మిరపతోటంతా దింపావా అంటారు,” అని చెప్పేది. నిజానికి ఆయన ఏమీ అనడు, నీళ్ళు తాగి తింటాడు. ఆ మాట ఆయన బదులు నాంచారమ్మే అనుకుని, నాంచారమ్మే నవ్వుకునేది. కానీ ఇన్నేళ్ళు అలా అనుకున్నాక, ఏది ఆయన అన్నదో ఏది తాను అన్నదో ఆమెకే తెలియకుండా పోయింది. వాన పడితే ఏమంటారు, అలిసిపోతే ఏమంటారు, సంతోషమొస్తే ఏమంటారు, అన్నిటికీ జవాబులు గలగలా ఇచ్చింది.

“సరేనా మాస్టారూ?” అని ఫరీదా మధ్యమధ్య అడిగేది.

మాస్టారు తలూపేవాడు. ఆడపిల్ల అడుగుతుంటే కాదని తలూపడం ఆయన జన్మలో లేదు.

తొలకరి పడేనాటికి పట్టీ ఇంటికొచ్చింది. తీగలు లేవు, మెడకి నల్లతాడు కట్టినట్టు ఉంది, ముందువైపు గింజంత స్పీకర్. మొదటిరోజు పొద్దున్న నాంచారమ్మ కాఫీ ఇస్తే ఆ గింజలోంచి, “ఇవాళ చిక్కగా పెట్టావే, ఎవరన్నా చుట్టాలొస్తున్నారా?” అని మగగొంతు పలికింది. ఆమె పీట మీద కూలబడి కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆ రెండు నెలలూ ఆ ఇల్లు తిరనాళ్ళు. జాకెట్లు కుట్టించుకునే పని లేనివాళ్ళు కూడా వంతెన దాటి వచ్చేవాళ్ళు మాస్టారితో మాట్లాడదామని. పట్టీ హాస్యాలాడేది, పిల్లల్ని ఆటపట్టించేది. “ఇన్నాళ్ళూ ఇన్ని మాటలు ఎక్కడ దాచారు బాబాయ్?” అని అడిగితే, “మీ పిన్ని సందిస్తేగా,” అనేది. అందరూ గొల్లుమనేవాళ్ళు. శోభనాచలం చేతిలో గుడ్డ సర్దుకుంటూ కూర్చునేవాడు. అందరి చూపూ ఆ గింజ మీదే ఉండేది. నాంచారమ్మ చూపు కూడా.

ఒక సాయంత్రం ముసురులో ఇద్దరే ఉన్నప్పుడు, ఆమె ధైర్యం చేసి అడిగింది. “ఏవండీ, మీ అమ్మగారు నన్ను వడగళ్ళవానన్నారు. మీకూ అలాగే ఉందా?”

ఆయన గొంతు ముడి కదిలింది. పట్టీ అంది, “వడగళ్ళేంటే పిచ్చిదానా. నీ మాటలు వింటూనే ముసలాణ్ణయ్యాను. ఇంకేం కావాలి నాకు.”

ఆమెకి కావలసినదంతా వచ్చేసింది. ఆ రాత్రి నిద్రలో కూడా నవ్విందంటే నమ్మండి.

శ్రావణంలో చెల్లెలు పేరిందేవి చూడ్డానికి వచ్చింది. వచ్చీ రాగానే వంటింట్లో దూరి పప్పు తాలింపు వేస్తోంది. ముందుగదిలో నాంచారమ్మ, మామూలు పూలచీరకి మ్యాచింగ్ జాకెట్టు దొరకలేదని గోలపెట్టిన ఒకామె సంగతి ఆయనకి చెబుతోంది. పట్టీ తాపీగా అంది, “పోనిద్దూ, ఉప్పుకి ఊరేగింపెందుకు?”

వంటింట్లోంచి పేరిందేవి నవ్వుతూ వచ్చింది, చేతిలో గరిటతోనే. “అక్కా, అమ్మ మాట బావగారికి ఎవరు నేర్పారే? అది మనింట్లో తప్ప ఎక్కడా వినలేదు. బావగారు అమ్మని చూడనైనా చూడలేదుగా.”

“నేనంటుంటాగా, విని ఉంటారు,” అంది నాంచారమ్మ.

“ఏమో. లోపల తాలింపు చిటపటల్లో వింటుంటే, గొంతు మగాడిదే కానీ మాట నీదేననిపించింది. ఆ సాగదీయడం, ఆ ‘పోనిద్దూ’ అనడం. నీకు నువ్వే చెప్పుకుంటున్నావేమో అనుకున్నా.”

పేరిందేవి లోపలికి వెళ్ళిపోయింది. రెండు నెలలుగా గింజనే చూస్తున్న నాంచారమ్మ, మొదటిసారి ఆయన మొహం చూసింది. కళ్ళు నేల మీద ఉన్నాయి. చెవులు ఎర్రగా ఉన్నాయి. కొత్త ఆడమనిషెవరో టేపు పెట్టమని దగ్గరికొచ్చి నిలబడ్డప్పుడు ఎలా ఉంటాడో, అచ్చం అలాగే ఉన్నాడు.

“ఇవి మీ మాటలేనా?” అంది.

“నావి కాక ఎవరివే?” అంది పట్టీ.

ఆమె వంగి మెడ వెనక కొక్కెం తీసింది. పట్టీ ఒళ్ళోకి జారింది. “ఇప్పుడు చెప్పండి. మీవేనా?”

వాన చూరు మీంచి ధారగా పడుతోంది. శోభనాచలం తల అడ్డంగా, కనీ కనపడనంత, ఊపాడు.

“మరి ఒక్కసారైనా చెప్పరేం?” అని నోటిదాకా వచ్చింది. ఆ అడగడంలోని తెలివితక్కువతనం అప్పుడు తెలిసి, ఊరుకుంది.

మర్నాడు ప్రయోగశాలలో ఫరీదా పెట్టె తెరిచి, పాత సిగ్నళ్ళన్నీ తీసి చూసి, మొహం వాల్చేసింది.

“తప్పు నాదమ్మా. ఆయన గొంతులో ఏదో కదులుతోంది, అది నిజమే. కానీ పెట్టెకి అది అర్థం కాలేదు. అర్థం కానిచోటల్లా మీరిచ్చిన మాటల్లోంచి ఒకటి తీసి పలికింది. పలికినదంతా దాదాపు అలా తీసిందే.”

“నీ తప్పేముంది. ఆది నాది ఇచ్చాను. జాకెట్టు ఆయనకి పట్టలేదంటే గుడ్డనా అనాల్సింది?” అని నాంచారమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది. “ఊరంతా మెచ్చుకున్నారమ్మా. ఆయన ఆ చొక్కాలో చిక్కుకుని కూర్చున్నారు.”

“మళ్ళీ మొదటినుంచి నేర్పిద్దాం. ఈసారి మీరు లేకుండా, ఆయన గొంతుతోనే. ఏడాది పట్టవచ్చు.”

ఏడాది ఎక్కడుంది ఆయన దగ్గర? నాంచారమ్మ పట్టీ బల్ల మీద పెట్టి వచ్చేసింది.

దారిలో వంతెన మీద నడుస్తూ ఒక నిర్ణయం చేసుకుంది. ఇన్నేళ్ళూ ఆయన మాట గుమ్మం దాకా వచ్చినప్పుడల్లా, గుమ్మానికి అడ్డంగా తానే నిలబడి ఉంది. ఇక తప్పుకోవాలి. తాను నోరు మూసుకుంటే, ఆ ఖాళీలోకి ఆయన వస్తాడేమో. వడగళ్ళో తొలకరో, ఏదైనా సరే, ఆయనదే అయిన మాట ఒక్కటి.

మాటే ఊపిరిగా బతికిన మనిషికి అది ఎంత కష్టమో ఆలోచించండి. పొయ్యి దగ్గర పెదవి కొరుక్కునేది. పడవవాడితో బేరం సైగలతో చేసేది. జాకెట్ల కోసం వచ్చినవాళ్ళు “ఏం పిన్నీ, మొగుడికి అరువిచ్చిన నోరు తిరిగి రాలేదా?” అంటే నవ్వి ఊరుకునేది. ఆయనకి అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని ఎదురుచూసేది. ఆయన ముద్ద మధ్యలో ఆగి తలెత్తి చూసేవాడు, మళ్ళీ దించుకునేవాడు. వస్తోంది, మాట వస్తోంది అనుకుని ఆమె ఊపిరి బిగబట్టేది. రాలేదు. ఆయన రోజురోజుకీ మంచానికి అంటుకుపోతున్నాడు. గది నుంచి గదికి ఆమె వెళుతుంటే కళ్ళతో వెతికేవాడు. ఆ వెతకడాన్ని కూడా ఆమె మాట కోసం తయారవడమనే అనుకుంది.

భాద్రపదంలో, పోటునీళ్ళు వీధిలో ఉన్న ఒక మధ్యాహ్నం, శోభనాచలం పోయాడు.

దినాలయ్యాక ఫరీదా వచ్చింది. చాపమీద కూర్చుంది. తరవాత ఊళ్ళో సంగతి చెప్పింది. “పట్టీలు పెట్టుకున్న మిగతా ఇళ్ళకీ వెళ్ళానమ్మా. లోపముంది, సరిచేసి ఇస్తాం, కొన్నాళ్ళు తిరిగివ్వండి అన్నాను. ఒక్కరూ ఇవ్వలేదు. మావాడు ఇన్నాళ్ళకి చక్కగా మాట్లాడుతున్నాడు, దాన్ని కదపొద్దన్నారు. ఇంకా కొత్తవి కావాలని వరస కట్టారు.”

“పెట్టుకున్నవాళ్ళేమన్నారు?”

“వాళ్ళేమీ అనలేదు.”

ఇద్దరూ వీధిలోకి చూశారు. నీళ్ళు వెనక్కి పోతున్నాయి. ఎదుటి వంతెన మీద ఒక తల్లి, మెడలో నల్లపట్టీ ఉన్న కూతుర్ని పక్కింటావిడకి చూపించి మురిసిపోతోంది.

“ఇంకొకటి కూడా తెలిసింది,” అంది ఫరీదా. “మాస్టారి గొంతులో కదిలిందేమిటో ఆ సిగ్నళ్ళని వేరే గొంతులతో పోల్చి చూశాను. అది మాట్లాడేవాళ్ళ గొంతు కాదమ్మా. ఎవరైనా మాట్లాడుతుంటే, మనసుపెట్టి వినేవాళ్ళ గొంతు కూడా ఆ మాటల వెంబడే సన్నగా కదులుతుంది, పాడేవాళ్ళతో పాటు లోపల పాడుకున్నట్టు. మీరు మాట్లాడినంతసేపూ ఆయన గొంతు మీ వెంటే నడిచింది. మా పెట్టె వినడాన్ని మాటనుకుంది.”

నాంచారమ్మ చాప అంచు పుల్ల ఒకటి సవరించింది. తన ప్రశ్నకి జవాబు వచ్చింది. చెప్పవలసినవాడే లేడు.

“చివర్లో ఏమన్నా అన్నారా మాస్టారు?” అని అడిగింది ఫరీదా.

అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆమె మంచం పక్కన పీట వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నోరు మెదపకుండా కూర్చుని ఉంది. ఆయన తల ఇటు తిప్పాడు. ఈసారి కళ్ళు దించుకోలేదు. గొంతు కదిలింది, పెదవులు కూడా కదిలాయి. వచ్చింది ఆయన సొంత గొంతే, బొంగురుగా, వాడని కత్తెర తెరిచినట్టు. ఆ మాట వినగానే నాంచారమ్మకి లోకంలోని మాటలన్నీ ఒక్కసారి గొంతుదాకా వచ్చాయి. వచ్చి అక్కడే ఆగిపోయాయి. దేన్నీ బయటికి తేలేకపోయింది. ఏదో ఒకటి దొరికి నోరు తెరిచేసరికి ఆయన కళ్ళు మూసుకున్నాడు, మళ్ళీ తెరవలేదు. అదంతా ఫరీదాకి చెప్పడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. చెప్పి, ఆయన అన్నది అన్నట్టుగా అప్పజెప్పింది.

“ఏదన్నా చెప్పవే, ఇల్లు బోసిపోయినట్టుంది.”